దారం కొలిచిన దూరం

2023 అక్టోబర్ 21, శనివారం. కరీంనగర్

పెట్టె సగం సర్ది ఆపేశాను. అటక మీద నుంచి గ్లోబు దించి, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, బల్ల మీద పెట్టుకున్నాను. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు. 2018లో నేను రిటైరైన రోజు పిల్లలు చందాలు వేసుకుని కొనిచ్చారు. కుట్టుదారం ఒక కొసను హైదరాబాద్ దగ్గర బొటనవేలితో అదిమి పట్టి, రెండో కొసను అమెరికాలోని డాలస్ దాకా లాగాను.

నాలుగు రోజుల్లో నేను వెళ్లాల్సిన ఊరది. అమ్మాయి పురిటికని మా ఆవిడ ఆగస్టులోనే వెళ్లింది. సెప్టెంబర్‌లో మనవరాలు పుట్టింది. ఇన్నాళ్లూ ఆ పిల్లను ఫోన్‌లో చూడటమే తప్ప చేతుల్లోకి తీసుకున్నది లేదు.

దారం వదులుగా ఉన్నంతసేపూ ఎటు జరిపితే అటు జరిగింది. బిగించేసరికి తనంతట తానే ఒక దారి పట్టింది. ఆ దారి చూసి అలాగే కూర్చుండిపోయాను. దారం పడమరకు పోలేదు, దాదాపు నిట్టనిలువుగా ఉత్తరానికి పోయింది. ఢిల్లీ మీదుగా, కారకోరం శిఖరాల మీదుగా, చైనాలోని కాష్గర్ పక్కనుంచి కజకిస్తాన్, సైబీరియా దాటింది. ఉత్తర ధ్రువం ఇంకో అయిదు వందల కిలోమీటర్లు ఉందనగా అవతలివైపుకు ఒరిగి, గ్రీన్‌లాండ్ అంచును ఒరుసుకుంటూ కెనడాలోకి దిగి డాలస్ చేరింది.

ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పాను. "సార్, అమెరికా ఎటు దిక్కున్నది?" అని ఏటా ఎవరో ఒక పిల్లో పిల్లవాడో అడిగేవారు. గోడకు వేలాడే ప్రపంచపటం దగ్గరకు వెళ్లి, బెత్తంతో అరేబియా, సహారా, అట్లాంటిక్ మీదుగా గీత గీసినట్టు చూపించి పడమర అని చెప్పేవాణ్ని. నిజంగా ఆ గీత వెంబడే పోతే సుమారు 17,700 కిలోమీటర్లు అవుతుంది. దారం చూపిన దారిలో 14,400 మాత్రమే. మధ్య తేడా 3,300. కశ్మీర్ కొస నుంచి కన్యాకుమారి దాకా మన దేశం పొడవు 3,214 కిలోమీటర్లని నేనే బోర్డు మీద రాసేవాణ్ని. అంతకన్నా పెద్ద తేడా ఇది. ఆ పిల్లలకు నేను తప్పు దారి చూపించాను. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణమూ అదే.

గోడ పటాల్లో చాలావాటికి మూలం 1569లో మెర్కేటర్ అనే పటకర్త గీసిన పటం. నావికుడు దిక్సూచి ముల్లును ఒకే దిక్కున పట్టుకుని పోవడానికి వీలుగా చేసిన పటమది. దాని కోసం ధ్రువాల వైపు ఉన్న నేలనంతా సాగదీయాల్సి వచ్చింది. అందుకే అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. గుండ్రటి భూమి మీద రెండు ఊళ్ల మధ్య దగ్గర దారి కావాలంటే, ఆ రెండు ఊళ్లనూ కలుపుతూ భూమిని సరిగ్గా రెండు సగాలుగా కోసే వృత్తం గీయాలి. దాన్నే మహావృత్తం అంటారు. లెక్కలు రానివాళ్లకు దారం చాలు.

నా గ్లోబు మీద ఒక సెంటీమీటరంటే సుమారు 425 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు 34 సెంటీమీటర్లు వచ్చింది. గల్ఫ్‌లోని దోహా మీదుగా వెళ్లే నా టికెట్ దారిని కొలిస్తే 37. అక్కడికి దారం కత్తిరించి, ముడివేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆ నిట్టనిలువు దారిలో విమానాలు ఎందుకు పోవన్నది తర్వాతి ప్రశ్న. అంతదూరం ఆగకుండా ఎగరగల విమానాలు లేకపోలేదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైగా ఒకే ఊపులో వెళ్లే విమానం ఉంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం నడిపింది, తర్వాత అది ఆగిపోయింది. కానీ ఈ దారిలో కారకోరం, ఆ పక్కనే టిబెట్ పీఠభూమి ఉన్నాయి. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే పది వేల అడుగుల దగ్గరకు దిగాలి. కారకోరంలోని కె2 శిఖరమే 28 వేల అడుగులు దాటి ఉంటే ఇక దిగేదెక్కడ? పైగా 2022 నుంచి అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. డాలస్ దాకా ఆగకుండా పోయే విమానాన్ని రోజూ నింపేటంత మంది టికెట్లు కొంటారా అన్నది ఇంకో లెక్క. అందుకే మన దారి గల్ఫ్ మీదుగా వంకర తిరుగుతుంది.

అక్టోబర్ 25, బుధవారం. కరీంనగర్ – శంషాబాద్

సాయంత్రం నాలుగింటికి ఆర్టీసీ బస్సెక్కాను. పెట్టెలు రెండు, ఒక్కొక్కటి 23 కిలోలు. కొక్కెం తక్కెడతో ఇంట్లోనే మూడుసార్లు తూచాను. ఒకదాన్నిండా సకినాలు, గరిజెలు, చింతకాయ తొక్కు, అమ్మాయికి బాలింత కారం. బట్టలకు మిగిలింది కొంచెమే.

సిద్దిపేట దాటేసరికి చీకటి పడింది. జూబ్లీ బస్టాండ్‌లో దిగేసరికి ఎనిమిది. 165 కిలోమీటర్లకు నాలుగు గంటలు. అక్కడి నుంచి పుష్పక్ బస్సులో శంషాబాద్. చెకిన్, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. బేగంపేట పాత విమానాశ్రయం రోజులు నాకు గుర్తే. దుబాయ్‌కి పోయేవాళ్లను సాగనంపడానికి మా ఊళ్ల నుంచి జీపులు కట్టుకుని వచ్చేవాళ్లం. 2008 మార్చిలో అంతా ఇక్కడికి మారింది. ఈ రాత్రి కూడా మా వైపు పిల్లలు చాలామంది కనిపించారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ యాస వినబడుతూనే ఉంది. వాళ్లకు దోహాయే చివరి ఊరు. నాకు అది నడిమి మజిలీ.

అక్టోబర్ 26, గురువారం. ఇరవై ఒక్క గంటల పగలు

తెల్లవారుజామున నాలుగింటికి విమానం కదిలింది. నిద్ర రాలేదు. దోహాకు సుమారు 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల ఇరవై నిమిషాలు. నిన్న సాయంత్రం కరీంనగర్ నుంచి సికింద్రాబాద్‌కు పట్టిన కాలమే ఇంచుమించు. ఆ లెక్క కాగితం మీద వేసుకుని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

దోహాలో దిగబోతుండగా కిటికీలో సూర్యుడు లేచాడు. అక్కడి టైము అయిదూ నలభై, మన టైము ఎనిమిదీ పది. ఈ రెండు అంకెలూ చిన్న నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను, ఆ పూట అవి నాకు బాగా పనికొచ్చాయి. విమానాశ్రయం మధ్యలో పసుపుపచ్చటి పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఉంది, మనవరాలికి చూపించడానికి ఫోటో తీశాను. అమెరికా విమానం గేటు దగ్గర మళ్లీ ఒకసారి సోదా. ఎనిమిదీ పదికి పెద్ద విమానం లేచింది.

నా సీటు ఎడమవైపు కిటికీ పక్కన. నా పక్కన తెనాలి నుంచి వస్తున్న పెద్దావిడ. హ్యూస్టన్‌లో కొడుకు దగ్గరికి వెళుతున్నారు, డాలస్‌లో ఇంకో విమానం మారాలి. ముందు తెరమీద పటం పెట్టి చూపించాను. ఇంకా 12,750 కిలోమీటర్లు, పదహారు గంటలు.

"అన్నయ్యగారూ, అమెరికా అటుంటే మనల్ని ఇటు పైకి తీసుకెళ్తున్నాడేంటండీ?" అన్నారావిడ.

అయిదు రోజుల క్రితం నేను వేసుకున్న ప్రశ్నే. జేబులోంచి దారం తీశాను. పలహారంతో వచ్చిన నారింజపండు మీద గోటితో రెండు గుర్తులు పెట్టి దారం బిగించి చూపించాను. ఆవిడ పండును చేతిలోకి తీసుకుని, దారాన్ని కిందికి జరపడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించారు. జరిపినప్పుడల్లా దారం చాలడం లేదు. "పైనుంచి పోతేనే సరిపోతోందండీ" అన్నారు. తరగతిలో ఇన్నేళ్లు చెప్పినా ఇంత తేలిగ్గా ఎవరికీ అర్థం చేయించలేకపోయాను. గోడ పటం పక్కన పెట్టి ఒక నారింజపండు తెచ్చుకుని ఉంటే బాగుండేది.

ఇరాక్, టర్కీ దాటాక నల్లసముద్రం వచ్చింది. దారం ప్రకారమైతే ఇక్కడి నుంచి విమానం యుక్రెయిన్ మీదుగా పోవాలి. 2022 ఫిబ్రవరి 24 నుంచి ఆ ఆకాశం మూతబడి ఉంది. పటం మీద మా విమానం గీత రొమేనియా వైపు ఒంగింది. ఆ వంపును వేలితో తడిమాను. కింద నేల మీద జరిగే యుద్ధం పైన ముప్పై రెండు వేల అడుగుల ఎత్తున కూడా దారి మళ్లిస్తుంది. మా అందరి ప్రయాణంలో దాని వాటా కొన్ని నిమిషాలే. కింద ఉన్నవాళ్లది వేరే లెక్క, అది ఈ నోటుబుక్కులో పట్టదు.

భోజనాలయ్యాక కిటికీ రెక్కలు దించమన్నారు. అందరూ దుప్పట్లు కప్పుకున్నారు. నేను మాత్రం రెక్కను అరచేయంత మేర తెరిచి ఉంచుకున్నాను. యూరప్ మీదికి వచ్చాక సూర్యుడు మా వైపు తిరిగాడు. ఐస్‌లాండ్‌కు కొంచెం దక్షిణంగా వెళుతున్నప్పుడు, దోహాలో లేచి ఎనిమిది గంటలైంది. ఆ చోట సూర్యుని లెక్కన సరిగ్గా మధ్యాహ్నం కావస్తోంది. అక్టోబర్ చివర, అంత ఉత్తరాన, మధ్యాహ్నం సూర్యుడు కూడా మన ఊళ్లో పొద్దున ఏడింటి సూర్యుడిలా దిగువనే ఉన్నాడు. కింద తెల్లటి మబ్బు.

నేను ఎదురుచూసింది దీని కోసమే. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. ఐస్‌లాండ్ ఉన్న 64 డిగ్రీల అక్షాంశం దగ్గర అది 730 మాత్రమే. తెరమీద మా విమానం వేగం 810. అంటే భూమి తిరిగే వేగాన్ని మేం పడమరకు ఎగురుతూ దాటేస్తున్నాం. గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస దాటి, కెనడా తూర్పు తీరం చేరేదాకా పది పది నిమిషాలకూ రేఖాంశం చూసి లెక్క వేశాను. ఐస్‌లాండ్ దగ్గర సూర్యుని లెక్కన పదకొండూ నలభై అయిదు. మూడు గంటల తర్వాత కెనడాలో దక్షిణానికి మళ్లేటప్పుడు పదకొండూ యాభై అయిదు. మూడు గంటలు గడిచాయి, మధ్యాహ్నం మాత్రం పది నిమిషాలే జరిగింది.

పెద్దావిడ నిద్ర లేచి, అరచేతి మీద పడ్డ ఎండ చూసి, "ఇంకా పొద్దు దిగలేదాండీ? పొద్దున్నుంచి ఇదే ఎండ కదా" అన్నారు. తూర్పు నుంచి పడమరకు సూర్యుణ్ని పరిగెత్తించేది భూమి అని, మనమిప్పుడు భూమితో సమానంగా పరిగెడుతున్నామని చెప్పాను. ఆవిడ చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నారు. సైన్సు చెప్పినవాడికి దణ్ణం అడ్డురాదు. నేనూ ఆ కిటికీ వైపు చూస్తూ మనసులోనే పెట్టుకున్నాను.

గ్రీన్‌లాండ్ గురించి నాలుగు మాటలు చెప్పకపోతే తప్పవుతుంది. గంటలో మూడో వంతుకు ఎక్కువ కనిపించలేదు. నల్లటి కొండ కొమ్ములు, వాటి మధ్య నుంచి సముద్రంలోకి జారే హిమానీనదాలు. పగుళ్లు బారిన మంచు దూరం నుంచి ఎండిన చెరువు మట్టిలా ఉంది. తీరం నీళ్లలో తెల్లటి చుక్కలు, ఒక్కొక్కటి ఎంత పెద్ద మంచుగడ్డో ఊహకు అందలేదు. పదో తరగతి పుస్తకంలో ఒక పేరాగా చదివి చెప్పిన దాన్ని చూసి నోట మాట రాలేదు. బయట ఉష్ణోగ్రత సున్నా కింద 58 డిగ్రీలు.

ఇంధనం ఖర్చయ్యేకొద్దీ విమానం తేలికవుతుంది, తేలికయ్యేకొద్దీ పైకి జరుగుతుంది. నల్లసముద్రం దగ్గర 32 వేల అడుగులు, గ్రీన్‌లాండ్ దగ్గర 36, అమెరికా సరిహద్దు దాటాక 40 వేలు. లక్ష లీటర్లకు పైగా ఇంధనం కాలుతుంది ఇలాంటి ప్రయాణానికి. ఆ అంకె దగ్గర నేను కొంచెంసేపు ఆగాను. మనవరాలి ముఖం చూడాలన్న ఆశకు, నా వంతుగా గాలిలో కలిసిన పొగ ఎంతో. అందుకే ఒకసారి వస్తే మూడు నెలలైనా ఉండి వెళ్లాలని, ఏటేటా తిరగకూడదని అనుకున్నాను.

గ్రేట్ లేక్స్ దాటాక నేలంతా చదరాలు చదరాలుగా కోసిన పొలాలు. సూర్యుడు నా కిటికీలోంచి ముందుకు వెళ్లిపోయాడు. సాయంత్రం నాలుగూ పదికి డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో దిగాం. 1974 నుంచి నడుస్తున్న విమానాశ్రయం, విస్తీర్ణం పదిహేడు వేల ఎకరాల పైన. మన శంషాబాద్ అయిదున్నర వేల ఎకరాలు. దిగిన తర్వాత కూడా నేల మీద విమానం నడుస్తూనే ఉంది. ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు అని అడిగి ఆరు నెలలకు ముద్ర వేశాడు. తినే పదార్థాలేమిటంటే సకినాలు, పచ్చళ్లు అని ఉన్నదున్నట్టు చెప్పాను. పొమ్మన్నాడు. పెద్దావిడను హ్యూస్టన్ విమానం గేటు వైపు తీసుకెళ్లే అమ్మాయికి అప్పగించాను. నారింజపండు ఆవిడ చేతిసంచిలోనే ఉండి ఉంటే తీసుకెళ్లనివ్వరు కదా, విమానంలోనే ఇద్దరం చెరో సగం తినేశాం. దారం నా జేబులోకి తిరిగొచ్చింది.

బయట అమ్మాయి, అల్లుడు. "బాపూ" అని అమ్మాయి పిలిచిన పిలుపు ఫోన్‌లో విన్నట్టు లేదు. డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఇంటికి చేరేసరికి ఆరైంది. మా ఆవిడ గుమ్మంలో పాపను పట్టుకుని నిలబడింది. చేతులు కడుక్కుని పాపను తీసుకున్నాను. పాప నా చొక్కా గుండీ పట్టుకుంది.

ఆరూ నలభై దాటాక పొద్దు గూకింది. దోహాలో లేచిన సూర్యుడే. మధ్య గడిచినవి ఇరవై ఒక్క గంటలు. నా జీవితంలో ఇంత పెద్ద పగలు చూడలేదు, ఇంకోటి చూస్తానో లేదో.

రాత్రి పడుకునే ముందు మొత్తం లెక్క వేశాను. శంషాబాద్‌లో విమానం లేచినప్పటి నుంచి డాలస్‌లో దిగేదాకా 22 గంటల 40 నిమిషాలు. అందులో గాలిలో ఉన్నది 20 గంటల 20 నిమిషాలు. కరీంనగర్ ఇంటి గడప నుంచి ఫ్రిస్కో ఇంటి గడపకు 36 గంటల 30 నిమిషాలు. టికెట్లు అమ్మేవాళ్లు చెప్పే గంటలకూ మనిషి ఒళ్లు మోసే గంటలకూ తేడా ఇది. వయసైన తల్లిదండ్రులకు టికెట్ కొనే పిల్లలు ఈ రెండో లెక్కే చూడాలని నా కోరిక. దోహాలో రెండు గంటలు దొరికితే నడుము వాల్చడానికి చాలదు, పరిగెత్తడానికి మాత్రం సరిపోతుంది. నాలుగు గంటల ఆగుడు ఉన్న టికెట్ ముసలివాళ్లకు మేలు.

అక్టోబర్ 27 నుంచి నవంబర్ 4

ఈ రోజుల గురించి రాయడానికి ఎక్కువ లేదు. రాత్రి రెండింటికి ఆకలి, మధ్యాహ్నం మూడింటికి నిద్ర. పాపది కూడా అదే వరస. అర్ధరాత్రి ఆ పిల్ల లేచినప్పుడు ఇంట్లో మెలకువగా ఉండేది నేనే, కాబట్టి ఎత్తుకుని తిప్పే పని నాకు దక్కింది. తొమ్మిదో రోజుకు నా ఒళ్లు దారిలో పడింది. పాపది ఇంకా పడలేదు.

నవంబర్ 5, ఆదివారం. ఫ్రిస్కో

ఈ తెల్లవారుజామున రెండింటికి ఇక్కడి గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పారు. నిన్నటిదాకా మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు, ఇవాళ్టి నుంచి పదకొండున్నర. ఎవరూ ఒక్క అడుగు కదలలేదు, ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి, అయినా గంట దూరం పెరిగింది.

జగిత్యాల దగ్గర మా ఊళ్లో అమ్మ ఉంది, ఎనభై నాలుగేళ్లు. రోజూ సాయంత్రం ఏడింటికి దీపం పెట్టాక నా ఫోన్ కోసం చూస్తుంది. నిన్న ఆ వేళకు ఇక్కడ ఎనిమిదిన్నర, ఇవాళ ఏడున్నర. గడియారం సంగతి ఆమెకు చెప్పలేదు, నేనే ఒక గంట ముందు కూర్చున్నాను.

"ఎంత దూరమున్నవురా కొడుకా?" అని అడిగింది.

పద్నాలుగు వేల కిలోమీటర్లు అంటే ఆమెకేం తెలుస్తుంది. విమానంలో ఒక పగలూ రాత్రీ అంత సేపు పట్టిందని చెప్పాను.

"ఒక దినం బాటేనా? నా పెండ్లయినంక అత్తగారింటికి బండ్లె వచ్చింది గూడ దినం బాటే. పొద్దుపొడుపుకు ఎక్కితే వాకిట్ల దిగేసరికి దీపాలు వెట్టిండ్రు. మల్ల మా అవ్వను జూసుడు ఏడాదికి ఒక్కసారే."

ఆ రెండు ఊళ్ల మధ్య ఇప్పుడు ఆటోలో గంట ప్రయాణం. అమ్మ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఫోన్ పెట్టేశాక అమ్మాయి పాపకు పాలు పడుతున్న గదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. ఆ పిల్లకు వాళ్ల అమ్మమ్మ ఊరు ఎన్ని సెంటీమీటర్లో, ఎన్ని గంటలో, ఏడాదికి ఎన్నిసార్లో.

2024 జనవరి 26, శుక్రవారం, ఆ పైన 27

మా ఆవిడ ఆరు నెలల గడువు దగ్గరపడింది. ఇద్దరం కలిసి తిరుగు ప్రయాణం. సాయంత్రం ఆరున్నరకు విమానం లేచింది. అప్పటికే పొద్దు గూకింది.

అదే డాలస్, అదే దోహా, అదే 12,750 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు పదహారు గంటలు, ఇప్పుడు పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలు. సగటు వేగం అప్పుడు గంటకు దాదాపు 800 కిలోమీటర్లు, ఇప్పుడు 890. ఇంజన్లు ఎక్కువ కష్టపడలేదు, గాలి తోసింది. మధ్య అక్షాంశాల మీద, విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలని గాలి నదులు పారుతుంటాయి. చలికాలంలో ఇంకా ఉరవడిగా ఉంటాయి. వెళ్లేటప్పుడు పైలట్లు వాటిని తప్పించుకుని ఉత్తరాన పోతారు, వచ్చేటప్పుడు వెతుక్కుని మరీ అందులోకి దిగుతారు. అందుకే ఈసారి పటం మీద గీత ఐస్‌లాండ్ దాకా పోకుండా చాలా కిందనుంచే అట్లాంటిక్ దాటింది. ఒక దశలో తెరమీద వేగం 1,040 చూశాను.

ఈ గాలిని మొదట పసిగట్టినవాళ్లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి ఒకడు. 1920లలో బెలూన్లు వదిలి, అవి పైకి పోయాక ఎంత వేగంగా తూర్పుకు కొట్టుకుపోతున్నాయో కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని ఆ ఫలితాలను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో ప్రచురించాడు. ఆ భాష చదివేవాళ్లు తక్కువ కావడంతో ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వైపు ఎగిరిన అమెరికన్ పైలట్లకు ఆ గాలి ఎదురుకొట్టాకే దాని బలం తెలిసింది. ఈ కథ మా స్కూలు పుస్తకాల్లో ఉండి ఉంటే ఎంత ఇష్టంగా చెప్పేవాణ్నో.

బ్రిటన్ దగ్గరకొచ్చేసరికి తెల్లవారింది. పలహారం పెట్టారు. ఇరాక్ మీదికి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆరు గంటల్లో పగలు మొత్తం అయిపోయింది. అక్టోబర్‌లో సూర్యుడితో కలిసి పరిగెత్తాం, ఇప్పుడు సూర్యుడికి ఎదురు పరిగెత్తాం. జనవరి 27 శనివారం అనేది మాకు ఆరు గంటల పగలుగా మిగిలింది. మా ఆవిడ అందులో అయిదు గంటలు నిద్రపోయింది. మెలకువ వచ్చినప్పుడల్లా "పాప లేచే టైమైంది" అంటూ పక్కకు తడుముకుంది.

జనవరి 28, ఆదివారం

దోహాలో విమానం మారి, తెల్లవారుజామున రెండున్నరకు శంషాబాద్‌లో దిగాం. డాలస్ నుంచి 20 గంటల 30 నిమిషాలు. వెళ్లేటప్పటి కన్నా రెండు గంటల పది నిమిషాలు తక్కువ. నోటుబుక్కులో ఆఖరి అంకె రాశాను.

పుష్పక్‌లో జూబ్లీ బస్టాండ్, అయిదున్నరకు కరీంనగర్ బస్సు. ప్రజ్ఞాపూర్ దగ్గర ఆగినప్పుడు దిగి చాయ్ తాగాం. కొత్తగా ఉదయించిన సూర్యుడు కుడివైపు కిటికీలో ఉన్నాడు. మనం ఉత్తరానికి పోతున్నాం కదా, అక్కడే ఉండాలి. ఇక్కడి నుంచి ఇలాగే దారం బిగించినట్టు పోతూ ఉంటే డాలస్ ఆ ముందున్న దిక్కునే ఉంది. మా ఆవిడకు చెయ్యి చాపి చూపించాను, బస్సు ముందు అద్దంలోంచి సిద్దిపేట రోడ్డు వైపు. ఆమె ఆ రోడ్డు వైపే చాలాసేపు చూసింది.

తొమ్మిదిన్నరకు ఇల్లు తాళం తీశాం. అక్కడ ఇంకా శనివారం రాత్రి పది. ఫోన్ చేస్తే అమ్మాయి గుసగుసగా మాట్లాడింది, పాప అప్పుడే నిద్రపోయిందట. గ్లోబు బల్ల మీదే ఉంది, మూడు నెలల దుమ్ముతో. జేబులోంచి దారం తీసి, మళ్లీ హైదరాబాద్ మీద బొటనవేలు పెట్టాను.